తరగతి గదిలో ఫ్రెంచి భాష

మాటలను నేర్చుట వేఱు, భాషను నేర్చుట వేఱు. నిఘంటువులోని మాటలన్నియు కంఠస్థము చేసిన పండితునకు సైతము, ఆ భాషలో మంచినీరు అడుగవలసి వచ్చినప్పుడు నోరు పెగలకపోవచ్చును. అక్షరజ్ఞానము లేని మూడేండ్ల బిడ్డ మాత్రము తనకు కావలసినదెల్ల తల్లిభాషలో అడిగి తీసికొనును. ఈ వింతను స్వయముగా అనుభవించి, దానినుండి ఒక క్రొత్త బోధనాపద్ధతిని కనుగొనిన ఉపాధ్యాయు డొకడు పంతొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున ఉండెను. ఆయన పేరు ఫ్రాఁస్వా గ్వేఁ.

గ్వేఁ 1831లో నార్మండీ ప్రాంతమున జన్మించెను. లాటిను భాషను బోధించుట ఆయన వృత్తి. జర్మను భాష నేర్వవలెనను కోరికతో ఆయన హాంబర్గు నగరమునకు వెళ్లెను. లాటిను, గ్రీకు భాషలను వ్యాకరణము వల్లించి నేర్చిన వాడు గనుక, జర్మను భాషయు అట్లే వశమగునని తలచి, తలుపు మూసికొని వ్యాకరణమును, అందలి 248 అపక్రమ క్రియలను పది దినములలో కంఠస్థము చేసెను. పిమ్మట ఒక పండితుని ఉపన్యాసము వినబోయెను. ఒక్క మాటయు అర్థము కాలేదు. మరల గదికి వచ్చి 800 ధాతువులను వల్లించెను. ఫలము లేదు. గొప్ప కవుల గ్రంథములను ముందుంచుకొని అనువదింప యత్నించెను. ఫలము లేదు. తుదకు 30,000 మాటలుగల నిఘంటువునే కంఠస్థము చేసెను. అప్పటికిని జర్మనులు మాటలాడుచుండగా ఆయనకు తెలిసినది స్వల్పము. ఒకసారి జనులతో ముచ్చటింప బోయినప్పుడు వారు తన మాటలకు నవ్విరి. ఆ సిగ్గుతో ఆయన ఆ యత్నమునే మానుకొనెను. శ్రమకు లోపము లేదు, పట్టుదలకు లోపము లేదు. లోపము త్రోవలో ఉండెను.

గ్వేఁ చిన్నబోయిన మనస్సుతో స్వగ్రామమునకు తిరిగి వచ్చెను. అచ్చట ఆయన మేనల్లునకు మూడేండ్ల ప్రాయము. మామ పరదేశమునకు పోయినప్పుడు మాటలు రాని ఆ బాలుడు, ఇప్పుడు గలగల మాటలాడుచుండెను. ఒకనాడు తల్లి వానిని పిండిమరకు తీసికొనిపోయెను. అది నీటి వేగముచే చక్రము తిరిగెడి మర. బాలుడు అంతటను తిరిగి, అన్నింటిని చూచి, ప్రశ్నించి యింటికి వచ్చెను. వచ్చినది మొదలు కనబడినవారికెల్ల ఆ కథయే. తరువాత చిన్న చిన్న సంచులు సంపాదించి, ఆటమర నొకటి కట్టించుకొని, తాను చూచిన పనులన్నియు వరుసగా చేయుచు, చేయుచున్న పనిని పైకి చెప్పుచుండెను. సంచి నింపుచున్నాను, భుజమున కెత్తుచున్నాను, మరకు మోయుచున్నాను, గింజలు పోయుచున్నాను, చక్రము తిరుగుచున్నది, పిండి పడుచున్నది. ఈ విధముగా ఒక పని వెనుక నొకటి, ఒక వాక్యము వెనుక నొకటి వచ్చుచుండెను.

దానిని గమనించిన గ్వేఁకు తన పొరపాటు తెలిసినది. బాలుడు విడిమాటలను నేర్వలేదు, వాక్యములను నేర్చెను. ఆ వాక్యములు జరిగిన క్రమమును బట్టి దండలోని పువ్వులవలె కూర్చబడి యుండెను. దండకు దారమువంటిది క్రియ. ఈ సూత్రముపై ఆయన 1880లో భాషాబోధనమునుగూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. ఒక చిన్న పనిని అందలి మెట్లుగా విడదీసి, మెట్టున కొక వాక్యము చెప్పుచు, చెప్పినదానిని చేసి చూపుట ఆయన పద్ధతి. దానికి శ్రేణీపద్ధతి యని పేరు వచ్చినది.

ఈ పద్ధతికి తరగతి గదికంటె తగిన చోటు లేదు. పిండిమరను బడికి తేలేము. కాని తలుపు, బల్ల, పుస్తకము, సుద్ద, నల్లబల్ల అచ్చటనే ఉన్నవి. ప్రతిదినము జరుగు పనులు అచ్చటనే ఉన్నవి. చేసెడి పనియే అర్థమును చెప్పును గనుక అనువాదముతో పనిలేదు. ఫ్రెంచి నేర్చు విద్యార్థి తన దినచర్యను ఈ క్రింది శ్రేణిగా చెప్పుకొనవచ్చును.

జాఁత్ర్ దాఁ లా క్లాస్ — నేను తరగతిలో ప్రవేశించుచున్నాను.
జె వే ఆ మా ప్లాస్ — నా చోటికి పోవుచున్నాను.
జె మాస్యే — కూర్చుండుచున్నాను.
జూవ్ర్ మోఁ కాయే — నా నోటుపుస్తకము తెరచుచున్నాను.
జె ప్రాఁ మోఁ స్తిలో — నా కలము తీయుచున్నాను.
జేక్రి లా దాత్ — తేదీ వ్రాయుచున్నాను.
జె లేవ్ లె ద్వా — వ్రేలు ఎత్తుచున్నాను.
జె ఫెర్మ్ మోఁ కాయే — నా నోటుపుస్తకము మూయుచున్నాను.

ఈ ఎనిమిది వాక్యములలో కొన్ని ధ్వనులను గమనింపవలెను. తెలుగువారు నేడు వాడుకలో మరచుచున్న అరసున్న ఇచ్చట మిక్కిలి ఉపకరించును. 'మోఁ', 'దాఁ' అనుచోట్ల అచ్చును ముక్కుతో పలుకవలెనే గాని, చివర 'న్' గాని 'మ్' గాని వినబడరాదు. 'జె' అను మాటలోని హల్లు తెలుగు జకారము కాదు. 'ష' పలుకు రీతిని నోరుంచి, దానికి నాదము చేర్చినచో ఆ ధ్వని వచ్చును. 'జె', 'లె' అను వానిలోని అచ్చు కూడ మిక్కిలి తేలికగా, ఉన్నదా లేదా అన్నట్లు పలుకబడును. అచ్చు ముందు అది లోపించి, 'జె ఊవ్ర్' అనునది 'జూవ్ర్' అగును. సంధి చేయుటకు అలవాటుపడిన తెలుగు విద్యార్థికి ఇది వింత కాదు.

ఈ శ్రేణిలో దాదాపు ప్రతి వాక్యమును 'జె' తో, అనగా 'నేను' తో మొదలగుచున్నది. తెలుగులో 'తెరచుచున్నాను' అన్నచో కర్త 'నేను' అని వేఱుగ చెప్పనక్కరలేదు. 'ను' అను ప్రత్యయమే కర్తను తెలుపును. 'తెరచుచున్నావు', 'తెరచుచున్నాడు' అనునవియు అట్టివే. ఫ్రెంచిలో నేను, నీవు, అతడు, వారు అను నలుగురికిని 'తెరచు' క్రియ వ్రాతలో వేరువేరు చివరలు గలిగియున్నను, పలుకునప్పుడు 'ఊవ్ర్' అనియే వినబడును. చివరి అక్షరములు వ్రాతలో నిలిచి, నోట రాలిపోయినవి. ప్రత్యయము వినబడదు గనుక కర్తను విధిగా చెప్పవలెను. ఒక భాషలోని నియమమునకు వెనుక ఇట్టి కారణ మొకటి సామాన్యముగా నుండును. కారణము తెలిసిన నియమము బరువు కాదు.

వాక్యములోని వరుసయు వేఱు. తెలుగువాడు 'నేను పుస్తకము తెరచుచున్నాను' అని క్రియను కడపట నుంచును. ఫ్రెంచివాడు 'నేను తెరచుచున్నాను పుస్తకము' అనును. ఇది ఇంగ్లీషు వరుసవంటిదే. కాని ఇంగ్లీషు తెలిసినవానికి ఫ్రెంచిలో ఒక ప్రమాద మున్నది. ఇంగ్లీషులో 'ఐ రైట్', 'ఐ యామ్ రైటింగ్' అని రెండు రూపములున్నవి. ఆ రెండింటికిని ఫ్రెంచిలో 'జేక్రి' అనునది ఒక్కటే. తెలుగు వ్యాకరణమున చెప్పు వర్తమానము, తద్ధర్మము అను రెండును అందులో ఇమిడియున్నవి. 'ఇదిగో, ఇప్పుడే వ్రాయుచున్నాను, ఆగుము' అని నొక్కి చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రము 'జె స్యుయి ఆఁ త్రేఁ దేక్రీర్' అను ప్రత్యేకమైన పలుకుబడి కలదు.

ఒకే శ్రేణిని మూడు కాలములలో చెప్పుట మంచి అభ్యాసము. పని చేయుటకు ముందు 'జె వే ఊవ్రీర్ మోఁ కాయే' అని చెప్పవలెను. 'వే' అనగా పోవుచున్నాను. తెలుగులో 'తెరవబోవుచున్నాను' అన్నప్పుడును పోవు ధాతువే సాయము వచ్చినది. రెండు దూరదేశపు భాషలు ఒకే ఉపాయమును కనుగొనుట ముచ్చటైన సంగతి. చేయుచున్నప్పుడు 'జూవ్ర్' అనవలెను. చేసిన పిమ్మట 'జే ఊవెర్' అని చెప్పవలెను. చేయి ఒకే పని చేయును, నోరు మూడు కాలములను నేర్చును.

ఉపాధ్యాయుని ఆజ్ఞలలో మరియొక విషయము బయటపడును. తరగతినంతటిని ఉద్దేశించి ఆయన 'ఊవ్రే వో కాయే', మీ నోటుపుస్తకములు తెరవుడు, అనును. ఒక్క బాలునితో 'ఊవ్ర్ తోఁ కాయే', నీ నోటుపుస్తకము తెరువుము, అనును. 'త్యు' అనగా నీవు, 'వూ' అనగా మీరు. 'వూ' పెక్కుమందికిని, గౌరవింపదగిన ఒక్కనికిని చెల్లును. నేటి ఇంగ్లీషులో సామాన్యముగా కనబడని ఈ భేదము తెలుగువానికి ఉగ్గుపాలతో అబ్బినది. బాలుడు సహాధ్యాయిని 'త్యు' అనియు, ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుని 'వూ' అనియు సంబోధించును. మన యిండ్లలో పెక్కుచోట్ల తల్లిని 'నీవు' అనియు తండ్రిని 'మీరు' అనియు పిలుచుట కలదు. నేటి ఫ్రెంచి ఇండ్లలో సామాన్యముగా తల్లిదండ్రు లిద్దరును 'త్యు'లే. రూపము సమానమైనను వాడుక సమానము కాదని దీనివలన తెలియును.

తెలుగు విద్యార్థిని తొలుత చికాకుపఱచునది లింగము. ఫ్రెంచిలో ప్రతి నామమును పుంలింగమో స్త్రీలింగమో కావలెను. నపుంసకలింగము లేదు. పుస్తకము 'లె లీవ్ర్', పుంలింగము. బల్ల 'లా తాబ్ల్', స్త్రీలింగము. నోటుపుస్తకము పురుషుడు, సుద్ద స్త్రీ, నల్లబల్ల పురుషుడు, కుర్చీ స్త్రీ! తెలుగులో మహత్తు, అమహత్తు అను విభాగము అర్థమును బట్టి జరిగినది. ఫ్రెంచి లింగము చాలవరకు శబ్దమునకు చెందినది. సంస్కృతము నెఱిగినవారికి ఇది క్రొత్త కాదు. భార్య యను ఒకే అర్థమున 'దారాః' పుంలింగము, 'భార్యా' స్త్రీలింగము, 'కళత్రమ్' నపుంసకలింగము. కావున 'లీవ్ర్', 'తాబ్ల్' అని విడిగా గాక, 'లె లీవ్ర్', 'లా తాబ్ల్' అని జంటగా నేర్చుటయే ఉపాయము. హాజరు వేయునప్పుడు సైతము బాలుడు 'ప్రేజాఁ' అనును, బాలిక 'ప్రేజాఁత్' అనును. బాలుని నోట దాగియున్న తకారము బాలిక నోట వినబడును.

తరగతిలో అన్నింటికంటె విలువైన వాక్యము మఱియొకటి కలదు. 'జె నే పా కోఁప్రి', నాకు అర్థము కాలేదు. ఫ్రెంచిలో 'కాదు', 'లేదు' అను అర్థము సామాన్యముగా రెండు ముక్కలుగా వచ్చి, క్రియను ఇరుప్రక్కల కాపుకాయును. 'జూవ్ర్' అనగా తెరచుచున్నాను, 'జె నూవ్ర్ పా' అనగా తెరచుటలేదు. ఇక ఉపాధ్యాయుని మరల చెప్పుడని వేడుటకు 'రేపేతే, సిల్ వూ ప్లే' అనవలెను. 'సిల్ వూ ప్లే' అనుదానికి 'అది మీకు ఇష్టమైనచో' అని అర్థము. ఈ రెండు వాక్యములను జంకులేక పలుకగల విద్యార్థికి తక్కిన భాషయంతయు క్రమముగా వచ్చును. హాంబర్గులో గ్వేఁను ఓడించినది వ్యాకరణము మాత్రమే కాదు, నవ్వులకు వెఱచిన మనస్సు కూడ.

చూచుటకు తెలిసినట్లుండి మోసగించు మాటలును కొన్ని కలవు. ఫ్రెంచివాడు పరీక్షను 'పాసే' చేసితి ననినచో ఉత్తీర్ణుడైతినని కాదు, పరీక్షకు కూర్చుంటినని మాత్రమే. ఉత్తీర్ణు డగుటకు 'రేయుసీర్' అను వేఱు క్రియ యున్నది. ఈ భేద మెఱుగనివాడు మిత్రుని ముందుగానే అభినందించును! 'రేగ్ల్' అనగా నియమమును అగును, గీతలు గీయు కొలబద్దయు అగును. 'తాబ్లో' అనగా నల్లబల్లయు అగును, చిత్రపటమును అగును. 'ఆప్రాఁద్ర్' అను క్రియకు నేర్చుకొనుట యనియు, నేర్పుట యనియు రెండర్థములు కలవు. తెలుగువాడు పాఠమును కంఠమున నిలుపుకొనగా, ఫ్రెంచివాడు 'పార్ కెర్', అనగా హృదయముతో నేర్చుకొనును.

ఫ్రాన్సు పాఠశాలల ఆచారములును ఈ సందర్భమున తెలియదగినవి. ఆ దేశమున ప్రాథమిక విద్య 1881లో ఉచితముగను, 1882లో నిర్బంధముగను చేయబడినది. ప్రాథమిక విద్య ముగిసిన పిమ్మట తరగతుల లెక్క వెనుకకు నడుచును. పదునొకండేండ్ల బాలుడు 'సిజ్యెమ్', అనగా ఆఱవ తరగతిలో చేరును. పిమ్మట ఐదవది, నాలుగవది, ఇట్లు దిగివచ్చి మొదటిది దాటి 'తెర్మినాల్' అను తుది తరగతితో ముగించును. మన ఎనిమిదవ తరగతి వయస్సు బాలుడు అచ్చట నాలుగవ తరగతిలో నుండును. మార్కులు సామాన్యముగా 20కి వేయుదురు. వారు వాడు నోటుపుస్తకములలో చిన్న గళ్లతో నిండిన గీతల అమరిక యొకటి ప్రసిద్ధము. దానిని 1892లో సేయెస్ అను పుస్తకవిక్రేత నమోదు చేయించెను. పలుకునకును వ్రాతకును ఇంత దూరమున్న భాష గనుక, ఉపాధ్యాయుడు చదువగా పిల్లలు తప్పులేక వ్రాసెడి 'దిక్తే' అను అభ్యాసమునకు అచ్చట గొప్ప స్థానము కలదు.

పుట సంఖ్యను చెప్పునప్పుడు మఱియొక వినోదము. 70ని 'అరువది పది' యందురు. 80ని 'నాలుగు ఇరువదులు' అందురు. 'తొంబదితొమ్మిదవ పుట తీయుడు' అని చెప్పుటకు 'కాత్ర్ వేఁ దిజ్ నెఫ్', అనగా 'నాలుగు ఇరువదులు, పది, తొమ్మిది' అనవలెను. ఫ్రెంచి మాటలాడెడి బెల్జియము వారును, స్విట్జర్లండు వారును 70కిని, 90కిని ఇంతకంటె సులభమైన మాటలు వాడుదురు.

గ్వేఁ పద్ధతికిని హద్దులు కలవు. తలుపు తెరచుటను చేసి చూపవచ్చును గాని, ఓర్పును, న్యాయమును, జ్ఞాపకమును చేసి చూపుట యెట్లు? బిడ్డకు దినమంతయు తన భాషయే వినబడుచుండును, బడిలో పరభాషకు దొరకునది ఒక గంట. అందుచేత పిమ్మటి ఉపాధ్యాయులు ఈ శ్రేణులతోపాటు చదువును, వ్యాకరణమును, సంభాషణమును జోడించిరి. అయినను పనియు పలుకును కలిసి నడువవలెనను ఆయన సూత్రము నేటికిని నిలిచియున్నది.

ఫ్రెంచి తెలుగువారికి బొత్తిగా పరాయి భాషయును కాదు. పూర్వులు పరాసులని పిలిచినది ఫ్రెంచివారినే. గౌతమీ తీరమునగల యానాము పదునెనిమిదవ శతాబ్దమునుండి ఫ్రెంచివారి యధీనమున నుండి, 1954లో భారతదేశముతో కలిసినది. చట్టరీత్యా ఆ మార్పు 1962లో పూర్తియైనది. ఇంట తెలుగు, కచేరీలో ఫ్రెంచి యను జీవితము అచ్చటివారికి తరతరములు అలవాటైనది. నేడు యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున భాగము. హైదరాబాదులోని ఇంగ్లీషు మఱియు విదేశీ భాషల విశ్వవిద్యాలయమున ఫ్రెంచి బోధింపబడుచున్నది.

ఏ భాష నేర్వదలచిన విద్యార్థియైనను పెద్ద నిఘంటువుతో ప్రారంభింప నక్కరలేదు. తన చేతిలోని పుస్తకమును తెరచుచు, తెరచుచున్నానని ఆ భాషలో చెప్పినచో చాలును. ఆ వాక్యము చిన్నదే, కాని అది చేతికిని నోటికిని కలిసి వచ్చినది గనుక మరపునకు రాదు. మఱునా డింకొక వాక్యము దానికి తోడగును. ఎవరైన నవ్వినచో నవ్వనిమ్ము. ముప్పదివేల మాటలు కడుపులో దాచుకొని మౌనముగా నుండుటకంటె, ఎనిమిది వాక్యములు తప్పులతోనైన పలుకుట మేలు.